డీజిల్ ఇంజన్‌ను పాడుచేసే సలహాలు

ఇంజన్ ఆగిపోయిన చోట సలహాలకు కరువుండదు. ఎర్దండి దగ్గరో మూలరాంపూర్ దగ్గరో గంగ ఒడ్డున ఆయిల్ ఇంజన్ మొరాయించిందంటే చాలు, పక్క చేను రైతు వస్తాడు, బర్లు కాసే పిల్లగాడు వస్తాడు, వల సర్దుకుంటున్న బెస్తాయన వస్తాడు. తలా ఒక చిట్కా చెబుతారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా ఆ చిట్కాల్లో చాలావరకు ఇంజన్ ఆయుష్షు తగ్గించేవే. రెండు మూడైతే మనిషి ప్రాణం మీదికి తెచ్చేవి కూడా. అలా నోటినోటా తిరిగే తప్పు సలహాలను ఒక చోట పెట్టి, ఎందుకు తప్పో, వాటి బదులు ఏం చేయాలో రాస్తున్నాను.

ఆ రెండు ఊళ్లూ ఉన్న జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలానికి ఉత్తరాన గోదావరి, ఇక్కడి మాటలో గంగ. దాని అవతల నిర్మల్ జిల్లా. ఎగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్. మూలరాంపూర్ నుంచి అవతలి పొన్కల్ వైపుకు సదర్‌మాట్ బరాజు. ఇక్కడి నీళ్ల మీద తిరిగేవి ఎక్కువగా తెడ్డు నావలు, తెప్పలు. డీజిల్ ఇంజన్ మాత్రం ఒడ్డు మీదే కూర్చుని పసుపుకూ మక్కకూ వరికీ నీళ్లు ఎత్తుతుంది. అదే గోదావరి పాపికొండల మధ్యకు పోయేసరికి ఇంజన్ లాంచీ అడుగున ఉంటుంది. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో వేట పడవల్లో ఉంటుంది. పని వేరు గానీ లోపల జరిగేది ఒకటే. సిలిండర్‌లో గాలిని పదహారు పద్దెనిమిదో వంతుకు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్‌ను సన్నటి తుంపరగా కొడితే దానంతట అదే అంటుకుంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించింది ఈ పద్ధతినే.

కాబట్టి ఇంజన్ నడవాలంటే మూడు కావాలి: శుభ్రమైన డీజిల్, సరిపడా గాలి, గట్టి కంప్రెషన్. నడుస్తూ ఉండాలంటే చల్లదనం, మంచి ఆయిల్ కావాలి. తప్పు సలహాలన్నీ ఈ లెక్కను దాటేస్తాయి. ‘ముందు స్టార్టయితే చాలు’ అన్న ఒక్క తొందరలోంచి అవన్నీ పుట్టుకొస్తాయి. ఏది తక్కువైందో చూడకుండా ఎలాగోలా లేపితే ఆ లోటు అలాగే ఉండిపోతుంది. మళ్లీ ఆపుతుంది. ఒడ్డు మీద అయితే ఒక తడి తప్పుతుంది. పడవలో అయితే ఆ మాట వేరు.

“ఇంకో నాలుగు సుట్లు తిప్పు, అదే అందుకుంటది”

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే సలహా ఇది. హ్యాండిల్ కొట్టే మనిషి చెమటలు కక్కుతుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు హుషారు చేస్తుంటారు. మంచి స్థితిలో ఉన్న ఇంజన్ అయితే రెండు మూడు ప్రయత్నాల్లో అందుకోవాలి. అందుకోలేదంటే తిప్పడం ఆపి వెతకాలి. పాత మిస్త్రీలు ఇదే అంటారు: “తిప్పుడు ఆపు తమ్మీ. అండ్ల డీజిల్ వస్తున్నదా, గాలి పట్టిందా, గది జూడు ముందుగాల్ల.”

చూసే పద్ధతి తేలిక. స్టాప్ లివరు నడిచే వైపే ఉందా? ట్యాంకు కాక్ తెరిచి ఉందా? ట్యాంకులో డీజిల్ ఉన్నా అది అడుగు పైపుకు అందుతోందా? తర్వాత ఫిల్టరు మీద గాలి తీసే స్క్రూను ఒకటి రెండు మరలు వదులు చేయాలి. బుడగలు బుడగలుగా నురుగు వస్తుంది. బుడగ లేకుండా ధారగా వచ్చేదాకా వదిలి బిగించాలి. ఆ తర్వాత పంపు దగ్గర అదే పని. చివరికి నాజిల్‌కు పోయే సన్న పైపు నట్టును కాస్త వదులు చేసి, డీకంప్రెషన్ లివరు ఎత్తి, నెమ్మదిగా తిప్పితే అక్కడా డీజిల్ చిమ్ముతుంది. బిగించి తిప్పితే నాజిల్ దగ్గర ‘కర్ర్’ మని సన్నగా చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడు వినిపించని ఇంజన్‌ను ఎంతసేపు తిప్పినా దండగే. చప్పుడు వినిపిస్తూ కూడా లేవకపోతే అప్పుడు కంప్రెషన్ సంగతి చూడాలి: వాల్వు గ్యాపు, హెడ్ గ్యాస్కెట్, రింగులు.

గాలి తీశాక గంటకే మళ్లీ గాలి పట్టిందంటే ఎక్కడో లీకు ఉంది. అది బయటికి కారే లీకు కాకపోవచ్చు. ట్యాంకు ఇంజన్ కన్నా కిందున్న పడవల్లో పైపు డీజిల్‌ను పీల్చుకుంటుంది కాబట్టి చిల్లు నుంచి డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైపంతా పొడిగానే కనిపిస్తుంది. పాతబడి గట్టిపడ్డ రబ్బరు గొట్టం, రెండోసారి వాడిన రాగి వాషరు, ఈ రెంటినీ ముందు అనుమానించాలి. రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది. అది చేసేవాళ్లు తక్కువ.

ఇంకొకటి ఉంది, దీన్ని కనిపెట్టడానికి ఓపిక కావాలి. ఇంజన్ శుభ్రంగా లేస్తుంది, పావుగంట నడుస్తుంది, నెమ్మదిగా నీరసించి ఆగిపోతుంది. కాసేపాగి తిప్పితే మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. నాజిల్ మార్చమంటారు, పంపు విప్పమంటారు. ఆ ఖర్చుకు ముందు ట్యాంకు మూత తీసి చూడండి. మూతలో గాలి పోవడానికి ఒక సన్న బెజ్జం ఉంటుంది. నెలల తరబడి షెడ్డులో ఉన్న ఇంజన్‌కు కుమ్మరి పురుగు వచ్చి ఆ బెజ్జంలో మట్టి పెడుతుంది. డీజిల్ దిగుతున్న కొద్దీ ట్యాంకులోకి గాలి రాక లోపల వెలితి ఏర్పడుతుంది, ఆ వెలితి డీజిల్‌ను వెనక్కి పట్టి ఉంచుతుంది. మూత తిప్పగానే ‘స్స్’ మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే రోగం దొరికినట్టే. ఒక సన్న తీగ ముక్కతో పోతుంది.

హ్యాండిల్ కొట్టేవాళ్లకు ఒక్క మాట. బొటనవేలును మిగతా వేళ్లకు ఎదురుగా చుట్టి పట్టుకోవద్దు, నాలుగు వేళ్ల పక్కనే పెట్టండి. ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు చుట్టి పట్టుకున్న బొటనవేలో మణికట్టో విరుగుతుంది. పైటకొంగు, లుంగీ, మెడలో తువ్వాల ఫ్లైవీల్ దగ్గరికి రాకూడదు.

“జర పెట్రోలు సూపించు”

గాలి పీల్చే చోట పెట్రోలు తడిపిన గుడ్డ పట్టడం, పట్నంలో దొరికే స్టార్టింగ్ స్ప్రే కొట్టడం, రెండూ ఒకటే. ఇంజన్ లేస్తుంది, నిజమే. అందుకే ఈ సలహాకు ఇంత పేరు. కానీ డీజిల్ ఎప్పుడు అంటుకోవాలో పంపు నిర్ణయిస్తుంది, పిస్టన్ పైకి చేరే క్షణానికి లెక్కగా నాజిల్‌తో కొట్టిస్తుంది. పెట్రోలు ఆవిరి గాలితోపాటే లోపలికి వెళ్తుంది కాబట్టి పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుతుంది. పైకి పోయే పిస్టన్ నెత్తిన దెబ్బ పడుతుంది. లోపల సుత్తితో కొట్టినట్టు వినిపించే చప్పుడు అదే. రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పడవ అడుగున మూసి ఉన్న ఇంజన్ గదిలో అయితే పెట్రోలు ఆవిరి నేలబారుగా పేరుకుని నిప్పు అంటుకుంటుంది.

ఇంజన్‌కు పెట్రోలు అలవాటైందని కొందరంటారు. దానికి అలవాట్లు ఉండవు. కంప్రెషన్ తగ్గిపోయింది, ఆ సంగతిని మనం పెట్రోలుతో కప్పిపెడుతున్నాం.

“నాజిల్ కొట్టుడు చెయ్యి పెట్టి చూసుకో”

ఎప్పుడూ పెట్టకండి. చిన్న ఇంజన్లలో కూడా నాజిల్ నుంచి డీజిల్ సుమారు 200 బార్ ఒత్తిడితో వస్తుంది, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 200 రెట్లు. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చ కనిపిస్తుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు. లోపల డీజిల్ కండరాల మధ్య పరుచుకుంటుంది. కొన్ని గంటల్లో ఆపరేషన్ చేసి శుభ్రం చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే పసుపు పెట్టి కట్టుకట్టి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పోయి, ‘ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది’ అని ఆ మాటే డాక్టరుకు చెప్పాలి. నాజిల్ ఎలా కొడుతుందో చూడాలంటే అట్టముక్క ముందు పెట్టి దూరంగా నిలబడి చూడండి, లేదా మెట్‌పల్లికో కోరుట్లకో తీసుకెళ్లి టెస్టింగ్ పంపు మీద పెట్టించండి.

“డీజిల్ ఏదైనా డీజిలే”

డీజిల్ ఇంజన్ల రోగాల్లో అత్యధిక భాగం ట్యాంకులోనే మొదలవుతాయని నా గట్టి అభిప్రాయం. నాజిల్ లోపలి సూదికీ దాని గూటికీ మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత సన్న సందులో నిమిషానికి 1500 సార్లు తిరిగే ఇంజన్‌లో ఆ సూది నిమిషానికి 750 సార్లు లేచి కూర్చుంటుంది. అక్కడికి ఇసుక రేణువు పోతే గీత, నీటి చుక్క పోతే తుప్పు. ఇంతటి సున్నితమైన పనిముట్టుకు తుప్పు పట్టిన డ్రమ్ములోంచి, మట్టి చేతులతో పట్టుకున్న గరాటుతో, ఎండలో మూత తెరిచిపెట్టిన క్యానులోంచి డీజిల్ పోస్తున్నాం.

నీళ్లు డీజిల్ కన్నా బరువు, అడుగుకు చేరతాయి. సగం నిండిన డ్రమ్ములో పగలు వేడెక్కి రాత్రి చల్లబడిన గాలి లోపలి గోడలకు చెమట పట్టిస్తుంది. పడవ ట్యాంకులోనూ అంతే. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగట మడ్డి తయారవుతుంది. ప్రశాంతమైన నీళ్లలో అది అడుగునే ఉంటుంది. అలలు లేచి పడవ ఊగినప్పుడు కదిలి ఫిల్టరును మూసేస్తుంది. ఇంజన్ అవసరం ఎక్కువగా ఉన్న సమయంలోనే ఆగడానికి కారణం ఇదే, గ్రహచారం ఏమీ కాదు.

చేయాల్సింది: డ్రమ్మును ఒక వైపు కాస్త ఎత్తుగా పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి, పల్లపు వైపు అడుగు డీజిల్‌ను తీయకండి. గరాటుకు సన్న జాలీ ఉండాలి. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెట్టండి, చెమట పట్టే చోటే ఉండదు. నీరు వేరుచేసే గిన్నె ఉన్న ఫిల్టరు పెట్టుకుంటే దాని అడుగు స్క్రూను ప్రతి పొద్దునా వదిలి చూడండి. ఫిల్టరును డీజిల్‌లో కడిగి మళ్లీ వేయమనే సలహా కూడా ఉంది. కాగితపు ఫిల్టరును కడిగితే పైన మట్టి లోపలికి చేరుతుంది, అంతే. కొత్తది వేయండి.

కిరోసిన్ కలిపితే కలిసొస్తుందని నీలి కిరోసిన్ రేషన్‌లో వచ్చిన రోజుల నుంచీ ఒక నమ్మకం. పంపుకూ నాజిల్‌కూ వేరే గ్రీజు, ఆయిల్ ఏమీ ఉండవు, డీజిల్‌లోని జిడ్డే వాటికి ఆధారం. కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ. లీటరు మీద మిగిలింది పంపు ఎలిమెంటు మార్చినప్పుడు పోతుంది.

“కాగింది, నీళ్లు కొట్టు”

ఇంజన్ మితిమీరి కాగినప్పుడు బకెట్టు నీళ్లు హెడ్డు మీద గుమ్మరించడం కళ్లారా చూసినవాళ్లకు ఆ తర్వాతి చప్పుడు కూడా తెలుసు. పోత ఇనుము ఒక వైపు ముడుచుకుని ఇంకో వైపు సాగి ఉంటుంది, పగులుతుంది. ఆ పగులు మరునాటికి గానీ బయటపడదు. ఆయిల్ మజ్జిగలా తెల్లబడినప్పుడు తెలుస్తుంది. కాగిన ఇంజన్ మీద భారం తీసేయాలి, చప్పుడు చేయకుండా తిరగగలిగితే భారం లేకుండా కొన్ని నిమిషాలు తిరగనివ్వాలి, ఆపాక దానంతట అది చల్లారాలి. రేడియేటర్ ఉన్నదైతే మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న వేడినీళ్లు ముఖం మీదికి ఎగుస్తాయి.

ఒడ్డు మీద ఇంజన్‌కు చల్లదనం పంపు ఎత్తే నీళ్లలోంచే వస్తుంది. ఒక సన్న పైపు తీసి సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే జాకెట్‌లోకి తిప్పుతారు. వానాకాలం గంగ నీళ్లలో ఒండ్రు ఎంతుంటుందో ఒడ్డు ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. అది జాకెట్ అడుగున, లైనరు చుట్టూ పేరుకుని గట్టిపడుతుంది. పైపులోంచి నీళ్లు ధారగానే వస్తుంటాయి, చేత్తో ముట్టుకుంటే చల్లగానే ఉంటాయి, లైనరు మాత్రం ఎండిన బురద చాటున కాలిపోతుంటుంది. ‘నీళ్లు సల్లగనే వస్తున్నయి గద’ అనే ధైర్యం అందుకే మంచిది కాదు. బయటికొచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడికి కొంచెం ముందు ఉండాలి. ఏడాదికోసారి జాకెట్ తలుపు విప్పి తీగతో గోకి కడగాలి.

పడవలో ఇదే కథ ఇంకాస్త ప్రమాదంగా నడుస్తుంది. బయటి నీళ్లను పీల్చే పైపుకు జాలీ ఉంటుంది, గుర్రపుడెక్క ముక్కలు, ప్లాస్టిక్ సంచులు వచ్చి దానికి అతుక్కుంటాయి. నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ నిమిషం సేపు పొడిగా తిరిగినా రెక్కలు తెగుతాయి. కొత్త ఇంపెల్లర్ వేసి ఊరుకునేవాళ్లు చాలామంది. తెగిన రెక్కల ముక్కలు ఎక్కడికి పోయాయో వెతకాలి. అవి ముందున్న కూలర్ గొట్టాల నోట్లో ఇరుక్కుని ఉంటాయి. పాత ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టి, తక్కువైనన్ని ముక్కలూ దొరికేదాకా విప్పాలి.

థర్మోస్టాట్ పీకేయమని మరో సలహా. ‘ఎండకాలం దేశం, దానితో ఏం పని’ అంటారు. అది చలిదేశాల కోసం పెట్టింది కాదు. డీజిల్ ఇంజన్ తనకు తగిన వేడికి రాకపోతే డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిల్ లైనరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, రింగులకు మసి పడుతుంది. తీసేసిన ఇంజన్ కాగదు, నిజమే. దాని బదులు తొందరగా అరుగుతుంది.

“నల్లపొగ వస్తే ఇంజన్ దుమ్ము లేపుతోందన్నట్టు”

నల్లపొగ అంటే కాలకుండా పోతున్న డీజిల్. భారం ఎక్కువైనా, గాలి ఫిల్టరు మూసుకుపోయినా, నాజిల్ తుంపర కొట్టక కారుతున్నా నల్లపొగే వస్తుంది. నీలిపొగ అయితే ఆయిల్ కాలుతోంది. పొద్దున్న లేవగానే కాసేపు తెల్లపొగ మామూలే, వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే డీజిల్ ఆవిరైనా అయ్యుండాలి, నీళ్లైనా దిగుతుండాలి. గాలి ఫిల్టరు తీసేసి నడిపిస్తే పొగ తగ్గుతుంది చూడండి అని నిరూపించేవాళ్లు ఉంటారు. కోతల కాలంలో దుమ్ము మధ్య ఫిల్టరు లేకుండా నడిపితే లైనరు ఎంత త్వరగా అరుగుతుందో వాళ్లు చెప్పరు.

పడవలో నల్లపొగకు ఇంకో కారణం నీళ్ల కింద ఉంటుంది. పడవను నెట్టే పంకాకు వల తాడు చుట్టుకుందేమో, పడవ అడుగున నాచు పట్టిందేమో చూడాలి. దీనికి వచ్చే తప్పు సలహా పెద్ద పంకా వేయమని. నీళ్లలో పడవ వేగం పదో వంతు పెరగాలంటే ఇంజన్ బలం దాదాపు మూడో వంతు పెరగాలి. పెద్ద పంకా వేస్తే ఇంజన్ తన పూర్తి చుట్లు అందుకోలేక ముక్కుతూ, పొగ కక్కుతూ, లోలోపల కాలుతూ నడుస్తుంది. పంకా సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువు: లివరు పూర్తిగా నొక్కితే ఇంజన్ ప్లేటు మీద రాసి ఉన్న చుట్లు అందుకోవాలి.

అంతకన్నా చెడ్డది చుట్లను అదుపు చేసే గవర్నరు స్ప్రింగుకు తీగ కట్టి బిగించమనే సలహా. చుట్లు పెరుగుతాయి, నీళ్లు ఎక్కువ వస్తాయి, మోటారు వాళ్లతో పోటీ పడొచ్చు. 1500 చుట్లకు చేసిన ఫ్లైవీల్‌ను అంతకు మించి తిప్పితే అది పగిలి ముక్కలు లేచే ప్రమాదం ఉంది. ఏ కారణంగానైనా ఇంజన్ పట్టు తప్పి పరుగెడితే డీజిల్ ఆపడం ఒక్కటే చాలకపోవచ్చు, అది తన సొంత ఆయిల్‌ను కాల్చుకుంటూ పోతుంటుంది. గాలి పీల్చే నోటికి చెక్కముక్క అడ్డం పెట్టి మూసేయాలి. చెయ్యి పెట్టకూడదు, గుడ్డ పెడితే లోపలికి లాగేసుకుంటుంది. ఫ్లైవీల్‌కు ఎదురుగా నిలబడకూడదు.

ఆయిల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ‘నల్లబడింది, పాడైంది’ అనేదీ తప్పు, ‘ఇంకా జిడ్డుగానే ఉంది, నడుస్తుంది’ అనేదీ తప్పు. డీజిల్ ఇంజన్ ఆయిల్ మసిని తనలోకి తీసుకోవాలి, వేసిన కొన్ని గంటలకే నల్లబడుతుంది. రంగు చూసి మార్చేది కాదు, గంటలు చూసి మార్చేది. చిన్న ఇంజన్లకు సాధారణంగా 100 నుంచి 250 గంటల మధ్య కంపెనీ పుస్తకం ఒక లెక్క చెబుతుంది, దాన్నే నమ్మండి. షెడ్డు గోడ మీద సుద్దతో గంటలు రాసుకునే రైతు ఇంజన్ ఇంకొకరి ఇంజన్ కన్నా ఎక్కువ కాలం వస్తుంది. ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషించకండి, అందులోకి డీజిలో నీళ్లో చేరాయి. వెంటనే ఆపండి.

పంపుకైనా పడవ షాఫ్టుకైనా గ్లాండ్ తాడు దగ్గర చుక్క కారకుండా బిగించమనే వాళ్ల మాట కూడా వినొద్దు. తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి, ఆ నీళ్లే షాఫ్టును చల్లబరుస్తాయి. పొడిగా బిగిస్తే తాడు కాలి, షాఫ్టుకు గాడి పడుతుంది. ఆపాక చుక్క పడకూడదు. పడితే అప్పుడు రెండు నట్లూ సమానంగా, కొద్దికొద్దిగా బిగించండి.

“వాడకపోతే పాడెట్లయితది”

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక చాలా ఆయిల్ ఇంజన్లు షెడ్డు మూలకు చేరాయి. రాజేశ్వరరావుపేట దగ్గర వరద కాలువ మీద పెద్ద పంప్‌హౌస్ వచ్చింది. పాత ఇంజన్ ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన రోజున గుర్తొస్తుంది. ఆ రోజున బయటికి లాగి, తొందరలో పైన రాసిన సలహాలన్నీ దాని మీద ప్రయోగిస్తారు.

ఊరికే ఉన్న ఇంజన్‌లో రింగులు లైనరుకు తుప్పుతో అంటుకుంటాయి, పాత ఆయిల్‌లోని ఆమ్లాలు బేరింగులను తింటాయి, జాకెట్‌లో నిలిచిన నీళ్లు గోడలను కొరుకుతాయి. మూలకు పెట్టేటప్పుడు కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి ఆపండి. జాకెట్ నీళ్లు పూర్తిగా వదలండి. పొగగొట్టం మీద డబ్బా బోర్లించండి. నెలకోసారి డీకంప్రెషన్ ఎత్తి నాలుగు చుట్లు తిప్పండి. నడిపితే భారంతోనే అరగంట నడపండి. భారం లేకుండా ఊరికే నడిపితే లోపల మసి, జిగట తప్ప ఏమీ మిగలవు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం ఉంటుంది. కాకినాడ, విశాఖ పడవలవాళ్లు ఇంజన్ పనులు ఆ రోజుల్లోనే పెట్టుకుంటారు. మన ఒడ్డున కూడా రోహిణి కార్తె లోపు ఆ పని అయిపోవాలి.

ఇంజన్‌ను ఆపడానికి డీకంప్రెషన్ ఎత్తడం, డీజిల్ అయిపోయేదాకా వదిలేయడం, రెండూ మానుకోండి. మొదటిది వాల్వులను కొడుతుంది, రెండోది ట్యాంకు అడుగు మడ్డినీ గాలినీ పంపులోకి లాగుతుంది. స్టాప్ లివరు ఉన్నది అందుకే.

ఇంకొకటి, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. నీళ్లు అందడం లేదని నడుస్తున్న ఇంజన్‌ను బావిలోకి దించి, పక్కనే మనిషి దిగి పని చేయడం. డీజిల్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. బావిలో గాలి ఆడదు. మొదట దిగినవాడు పడిపోతాడు, కాపాడటానికి దిగినవాడూ పడిపోతాడు. ఇంజన్ పైనే ఉండాలి. తలుపులు మూసిన పడవ గదిలో కూడా ఇదే జరుగుతుంది, అక్కడ పడుకోకూడదు.

“మునిగిందా, ఎండల పెట్టి స్టార్ట్ చెయ్”

శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారంటే ఒడ్డున పెట్టిన మోటార్లు, ఇంజన్లు మునగడం కొత్త కాదు. 2022 జూలైలో అవతలి నిర్మల్ జిల్లాలో కడెం ప్రాజెక్టు కట్టకే ముప్పు వచ్చి ఊళ్లు ఖాళీ చేయించారు. అంతటి వరదలో ఇంజన్ కోసం నీళ్లలోకి దిగకండి, ఇంజన్ మళ్లీ వస్తుంది.

నీళ్లు తగ్గాక ఇంజన్‌ను తిప్పకండి. సిలిండర్‌లో నీళ్లుంటే అవి గాలిలా నలగవు. పిస్టన్ పైకి రాలేదు, రాడ్ వంగుతుంది. ముందు నాజిల్ విప్పి తీయండి, ఆ రంధ్రం తెరిచి ఉంచి చేత్తో నెమ్మదిగా తిప్పి నీళ్లు బయటికి వెళ్లగొట్టండి. ఎదురుగా ముఖం పెట్టొద్దు. ఆయిల్ పూర్తిగా దించండి. అడుగున బురద ఉంటే తలుపు విప్పి డీజిల్‌తో కడగండి. ట్యాంకు, పైపులు, ఫిల్టరు ఖాళీ చేసి కొత్త ఫిల్టరు వేయండి. సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి చేత్తో తిప్పి, నాజిల్ పెట్టి స్టార్ట్ చేయండి. పావుగంట నడిపి ఆ ఆయిల్ కూడా దించేయండి, దానిలో మిగిలిన నీళ్లు వచ్చేస్తాయి. మళ్లీ కొత్త ఆయిల్. ఇదంతా నీళ్ల నుంచి తీసిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జరగాలి. నీళ్లలో ఉన్నంతకాలం కన్నా గాలి తగిలాకే తుప్పు వేగంగా పడుతుంది. ఎండలో పెట్టి వారం చూసేసరికి రింగులు పట్టేసి ఉంటాయి.

“నడిగంగల ఆగితే ఇంజన్ సంగతి జూడు”

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతున్న రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. అప్పుడు గోదావరిలో వరద దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. దాదాపు 50 మంది పోయారు. అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటికి తీసింది. ఇంజన్ చెడి జరిగిన ప్రమాదమని నేను అనడం లేదు. వరదలో ప్రవాహం ముందు పడవ ఇంజన్ బలం ఎంత చిన్నదో, ఆ బలం కూడా లేకపోతే ఏమవుతుందో ఊహించమంటున్నాను.

నీటి నడుమ ఇంజన్ ఆగగానే అందరూ దాని చుట్టూ చేరతారు. అప్పటికే పడవ కొట్టుకుపోతుంటుంది. మొదట లంగరు వేయాలి. అందుకు లంగరు తాడు ముందు నుంచే చుట్టి, చిక్కు లేకుండా, చివర పడవకు కట్టి ఉండాలి. రెండోది, ఎక్కిన ప్రతి ఒక్కరి లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉందో లేదో చూడాలి. సీటు కింద ఉన్నది లెక్కలోకి రాదు. మూడోది, జనాన్ని ఒక వైపుకు చేరకుండా కూర్చోబెట్టాలి. లంగరు పట్టు దొరికి పడవ నిలిచాకే ఇంజన్ మూత ఎత్తాలి.

అప్పుడు కూడా చూసే వరస ఉంది. ఒక్కసారిగా ఆగిందా, నీరసించి ఆగిందా? నీరసించి ఆగితే డీజిల్ వైపు: ట్యాంకు మూత బెజ్జం, ఫిల్టరు, గాలి. ఒక్కసారిగా ఆగితే పంకాకు తాడు చుట్టుకుందేమో గేరు తీసి చేత్తో షాఫ్టు తిప్పి చూడాలి. కాలిన వాసన, ఆవిరి ఉంటే చల్లదనం వైపు, ఆ ఇంజన్‌ను చల్లారేదాకా తిప్పకూడదు. సెల్ఫ్ స్టార్టరును పది సెకన్లకు మించి నొక్కి పట్టుకోవద్దు, మధ్యలో నిమిషం విరామం ఇవ్వాలి. పొగగొట్టంలోకి చల్లబరిచే నీళ్లు వదిలే రకం ఇంజన్ అయితే మళ్లీ మళ్లీ స్టార్టరు కొడుతున్నంతసేపు నీళ్లు వచ్చే కాక్ మూసి ఉంచాలి. లేకపోతే ఇంజన్ లేవదు గానీ నీళ్లు సైలెన్సరు నిండి వెనక్కి సిలిండర్‌లోకి వస్తాయి. లేచిన మరుక్షణం కాక్ తెరవాలి.

పడవలో ఒక పెట్టె ఉండాలి: రెండు ఫిల్టర్లు, ఒక ఇంపెల్లర్, ఒక బెల్టు, కొన్ని రాగి వాషర్లు, గాలి తీసే స్క్రూకు సరిపోయే పానా, తాడు కోయడానికి పదునైన కత్తి, టార్చి. ఒక పొడవాటి వెదురు గడ, రెండు తెడ్లు.